అలాస్కా ఓడెక్కే అమ్మకు... ఏం సర్దాలి?

మాదాపూర్‌లోనో గచ్చిబౌలిలోనో ఉద్యోగంలో చేరి, అక్కణ్నుంచి అమెరికా వెళ్లిన పిల్లలు... అమ్మానాన్నల్ని పిలిపించుకుని చూపిస్తున్న వింతల్లో మంచుకొండల ఓడ ప్రయాణం కూడా చేరింది. టికెట్లు పిల్లలే కొంటారు. విమానం దాకా తమ్ముడో అల్లుడో దిగబెడతాడు. చిక్కల్లా సూట్‌కేసు దగ్గరే. నలభై డిగ్రీల ఎండలో కూర్చుని పది డిగ్రీల చలికి బట్టలు సర్దుకోవడం ఎలా?

'అమ్మా, స్వెట్టర్ పెట్టుకున్నావా?'

'రెండు పెట్టాన్రా. శాలువా కూడా పెట్టా.'

'అవి చాలవమ్మా!'

'అయితే నాలుగు చీరలు తీసేసి రగ్గు పెట్టమంటావా?'

వేసవి వచ్చిందంటే కూకట్‌పల్లి, మియాపూర్, కొండాపూర్ ఇళ్లలో ఇలాంటి ఫోన్లు మోగుతూనే ఉంటాయి. అవతల సియాటిల్‌లో కొడుకో కూతురో. ఇవతల మంచం నిండా బట్టలు పరచుకుని అమ్మ. పక్కన తూకం యంత్రం పట్టుకుని నాన్న. ఊటీకో సిమ్లాకో వెళ్లినప్పుడు కొన్న స్వెట్టర్లు అటక మీంచి దిగుతాయి. కలరా ఉండల వాసన పోవడానికి బాల్కనీలో ఎండకు ఆరతాయి. పెట్టె నిండిపోతుంది. అయినా ఏదో అనుమానం... సరిపోతాయా, లేదా?

ఆ అనుమానం నిజమే. పెట్టె నిండా ఉన్నిబట్టలు తీసుకెళ్లి కూడా ఓడ మీద గజగజ వణికేవాళ్లుంటారు. మూడు నాలుగు పల్చటి బట్టలతో గంటల తరబడి డెక్ మీద హాయిగా నిలబడేవాళ్లూ ఉంటారు. తేడా డబ్బులో లేదు, బట్టల మందంలోనూ లేదు. ఏది లోపల వేసుకోవాలి, ఏది పైన వేసుకోవాలి అన్న లెక్కలో ఉంది.

సైబర్ టవర్స్ నుంచి సియాటిల్ దాకా

ఇంతకీ హైదరాబాద్‌కీ అలాస్కాకీ ఏమిటి సంబంధం? ఉంది మరి! 1998లో మాదాపూర్‌లో సైబర్ టవర్స్ ప్రారంభమైంది. అదే ఏడాది మైక్రోసాఫ్ట్ హైదరాబాద్‌లో తన అభివృద్ధి కేంద్రాన్ని మొదలుపెట్టింది. ఆ సంస్థ ప్రధాన కార్యాలయం సియాటిల్ పక్కనే ఉన్న రెడ్మండ్‌లో. 2014లో దాని పగ్గాలు అందుకున్న సత్య నాదెళ్ల చదివింది బేగంపేటలోని హైదరాబాద్ పబ్లిక్ స్కూల్లో. సియాటిల్‌నే కేంద్రంగా చేసుకున్న అమెజాన్ 2019లో నానక్‌రామ్‌గూడలో భారీ ప్రాంగణం కట్టింది. అలా ఐటీ కారిడార్‌లో లాప్‌టాప్ తెరిచిన ఎందరో కుర్రాళ్లకు సియాటిల్ రెండో ఊరైంది.

ఆ ఊరి రేవు నుంచే అలాస్కా ఓడలు బయల్దేరతాయి. ఏప్రిల్ చివర్లో మొదలై అక్టోబరు దాకా నడుస్తాయి. ఎక్కువగా ఏడు రాత్రుల ప్రయాణాలు. జూనో, స్కాగ్వే, కెచికాన్, సిట్కా లాంటి ఊళ్ల దగ్గర ఆగుతూ, మధ్యలో మంచు నదులు సముద్రంలోకి విరిగిపడే చోట నెమ్మదిగా తిరుగుతూ వెళ్తాయి. అమ్మానాన్నలు అమెరికా వెళ్లేది కూడా దాదాపు ఆ నెలల్లోనే కాబట్టి పిల్లలకు అది కలిసొచ్చే యాత్ర.

ఓడ ప్రయాణం మనకు మరీ కొత్తేం కాదు. 2022 జూన్‌లో విశాఖ రేవు నుంచి కార్డీలియా క్రూయిజ్ ఓడ పుదుచ్చేరి, చెన్నైల వైపు బయల్దేరినప్పుడు మనవాళ్లు సరదాగా ఎక్కారు. కాకపోతే బంగాళాఖాతం మీద నూలు బట్టలు సరిపోతాయి. అలాస్కాలో నూలే మొదటి శత్రువు! అదెలాగో చూద్దాం.

థర్మామీటరు చెప్పని చలి

వేసవిలో అలాస్కా రాజధాని జూనోలో పగటి ఉష్ణోగ్రత 15 నుంచి 18 డిగ్రీల దాకా ఉంటుంది. 'ఓస్, అంతేనా! జనవరి రాత్రుల్లో మన హైదరాబాద్ కూడా అంతే కదా' అనిపిస్తుంది. మాదాపూర్ ఆఫీసుల్లో ఏసీ చలికి ఏడాది పొడవునా హుడీ తొడుక్కుని పనిచేసే పిల్లలకైతే అసలు లెక్కే కాదు. కానీ ఓడ మీద చలిని థర్మామీటరు ఒక్కటే నిర్ణయించదు. దానికి ఇద్దరు తోడుదొంగలున్నారు. ఒకటి గాలి, రెండోది తడి.

ముందు గాలి సంగతి. సముద్రం మీద గాలి వీయకపోయినా, ఓడ గంటకు 35 కిలోమీటర్ల వేగంతో వెళ్తుంటే డెక్ మీద నిలబడ్డవారికి అంత వేగంతోనూ ఎదురుగాలి తగులుతుంది. స్కూటర్ మీద వెళ్తుంటే ముఖానికి కొట్టినట్టే. మన ఒంటి చుట్టూ ఒంటి వేడికే వెచ్చబడ్డ పల్చటి గాలి పొర ఒకటుంటుంది. ఎదురుగాలి దాన్ని ఎప్పటికప్పుడు ఊడ్చుకుపోతుంది. అమెరికా, కెనడా వాతావరణ శాఖలు 2001 నుంచి వాడుతున్న సూత్రం ప్రకారం లెక్కగడితే... 10 డిగ్రీల చలిలో 35 కిలోమీటర్ల గాలి తగిలితే ఒంటికి 6 డిగ్రీల్లా ఉంటుంది. 5 డిగ్రీలైతే సున్నాలా అనిపిస్తుంది. మంచు నదుల దగ్గర ఓడ వేగం తగ్గినా, ఆ మంచు మీంచి దిగివచ్చే గాలి ఆ లోటు తీర్చేస్తుంది.

ఇక తడి. ఎండాకాలం మట్టికుండలో నీళ్లు ఎందుకు చల్లబడతాయి? కుండ గోడల్లోంచి ఊరిన చెమ్మ ఆవిరవుతూ లోపలి వేడిని పట్టుకుపోతుంది కాబట్టి. చెమటకో వానకో తడిసిన నూలు బనియన్ కూడా మన ఒంటిని సరిగ్గా అలాగే చల్లబరుస్తుంది. పైగా నీరు గాలి కంటే దాదాపు పాతిక రెట్లు వేగంగా వేడిని లాక్కుంటుంది. మే నెల హైదరాబాద్‌లో ఇది వరం. అలాస్కాలో శాపం.

అలాస్కాలో వాన తక్కువేం కాదు. దారిలో వచ్చే కెచికాన్ ఊళ్లో ఏడాదికి మూడున్నర వేల మిల్లీమీటర్లకు పైగా వర్షం పడుతుంది. హైదరాబాద్‌లో పడేది సుమారు 800. అంటే నాలుగు రెట్లకు పైమాటే! అక్కడికి వెళ్తూ 'వాన పడకపోతే బాగుండు' అనుకోవడం కన్నా, పడుతుందనుకుని సర్దుకోవడమే మేలు.

కట్టె, కొట్టె, తెచ్చె!

రామాయణమంతా మూడు ముక్కల్లో చెప్పినట్టు, చలి బట్టల శాస్త్రమంతా కూడా మూడు ముక్కలే. పీల్చాలి, పట్టాలి, ఆపాలి. అంటే చెమటను పీల్చే పొర, వేడిని పట్టి ఉంచే పొర, గాలినీ వాననూ ఆపే పొర.

మొదటి పొర ఒంటికి అంటిపెట్టుకుని ఉండాలి. వాడుకలో థర్మల్స్ అంటారు. కొనేటప్పుడు లేబుల్ చదవండి. పాలిస్టర్ గానీ మెరినో ఉన్ని గానీ అయ్యుండాలి. అచ్చంగా నూలుతో చేసిన థర్మల్స్ కూడా దుకాణాల్లో దొరుకుతాయి. మెత్తగా ఉన్నాయని వాటిని తీసుకోవద్దు. మెరినో అనేది ఒక జాతి గొర్రె. దాని ఉన్ని సన్నగా ఉంటుంది కాబట్టి గుచ్చుకోదు, రెండు మూడు రోజులు వేసుకున్నా వాసన రాదు. ధర మాత్రం ఎక్కువ. పాలిస్టర్ చవక, రాత్రి ఉతికి ఆరేస్తే పొద్దుటికి ఆరిపోతుంది.

రెండో పొర పని వేడిని దాచడం. మామిడికాయల్ని గడ్డిలో మాగబెడతాం కదా... ఆ గడ్డి తనంతట తాను వేడి పుట్టించదు. దాని సందుల్లో చిక్కుకున్న గాలి కదలకుండా నిలబడి వెచ్చదనాన్ని బయటికి పోనివ్వదు. ఉన్ని స్వెట్టర్, ఫ్లీస్ జాకెట్ చేసేది కూడా అదే. ఫ్లీస్ అంటే నూగులాంటి మెత్తటి పాలిస్టర్ గుడ్డ. పారేసిన ప్లాస్టిక్ సీసాల నుంచి కూడా దాన్ని తయారుచేస్తుంటారు. తేలిక, తడిసినా త్వరగా ఆరుతుంది. ముందువైపు జిప్ ఉన్నది తీసుకుంటే తల మీంచి లాక్కునే పని ఉండదు. భుజాల నొప్పులున్నవాళ్లకు అదెంత హాయో!

మూడోది గాలి దూరని, నీళ్లు ఇంకని జాకెట్. టోపీ దానికే కుట్టి ఉండాలి. పిరుదుల కిందిదాకా పొడవుండాలి. లోపల రెండు పొరలు పట్టేంత వదులుగా ఉండాలి. లేబుల్ మీద 'వాటర్‌ప్రూఫ్' అని ఉందా, 'వాటర్ రెసిస్టెంట్' అని ఉందా చూసుకోండి. రెండోది చినుకులకే ఆగుతుంది, జోరువానకు ఆగదు. గొడుగు మాత్రం ఇంట్లోనే వదిలేయండి. డెక్ మీది గాలికి అది తామరాకులా తిరగబడుతుంది.

మూడూ కలిపి తొడుక్కోవడమే కాదు, విడివిడిగా తీసేయడం కూడా ముఖ్యం. ఓడ లోపల వెచ్చగా ఉంటుంది. బండలాంటి ఒకే ఒక్క కోటు వేసుకెళ్తే భోజనశాలలో చెమటలు, డెక్ మీద ఆ చెమటకే చలి. పొరలైతే ఉల్లిపాయలా ఒక్కొక్కటీ వలుచుకోవచ్చు.

గొంగడి ఎరిగినవాళ్లం

ఈ శాస్త్రమంతా విదేశాలదని అనుకోనక్కర్లేదు. తెలంగాణ పల్లెల్లో కురుమలు నల్ల దక్కనీ గొర్రెల ఉన్నితో నేసే గొంగడి ఏమిటి? మందతో పాటు వానలో నిలబడే కాపరికి అదే స్వెట్టర్, అదే రెయిన్‌కోటు, రాత్రికి అదే పక్క. తల మీదుగా కప్పుకుంటే వాన జారిపోతుంది. పోగుకు చింతగింజల గంజి పట్టించి గట్టిగా నేస్తారు. ఉన్ని తడిసినా కొంత వేడిని నిలుపుకుంటుంది. నూలుకు ఆ గుణం లేదు. ఆ సంగతి మన కాపరులకు ఏ లేబులూ చదవకుండానే తెలుసు.

సియాటిల్‌కూ ఇలాంటి కథే ఒకటుంది. ఆ ఊళ్లో క్రీడా సామగ్రి అమ్ముకునే ఎడ్డీ బావర్ 1930ల్లో చలికాలం చేపల వేటకు వెళ్లాడు. బరువైన ఉన్ని కోటు, ఎక్కి దిగే దారి. చెమటకు బట్టలు తడిసి, ఆ తడి గడ్డకట్టి, ప్రాణం మీదికి వచ్చింది. బతికి బయటపడ్డాక పక్షుల మెత్తటి నూగును గళ్లు గళ్లుగా కుట్టి తేలికైన జాకెట్ తయారుచేశాడు. 1936లో దాన్ని అమ్మకానికి పెట్టి, 1940లో పేటెంట్ తీసుకున్నాడు. ఇవాళ దుకాణాల్లో బుస్సున పొంగి కనిపించే డౌన్ జాకెట్లకు మూలం అలాంటి ప్రయత్నాలే. కాకపోతే ఆ నూగు తడిస్తే ముద్దయిపోతుంది, వేడి నిలవదు. అందుకే అలాస్కా వానలో డౌన్ జాకెట్ వేసుకున్నా పైన రెయిన్ జాకెట్ ఉండాల్సిందే. లేదంటే కృత్రిమ దూది నింపినది కొనుక్కోవడం నయం.

అమ్మ చీర మాటేమిటి?

అసలు సమస్య ఇక్కడుంది. నలభై ఏళ్లుగా చీర తప్ప మరొకటి కట్టని అమ్మను 'ప్యాంటు వేసుకో' అంటే ఒప్పుకుంటుందా? 'ఈ వయసులో నాకా వేషాలు!' అంటుంది. బలవంతపెడితే తల ఊపుతుంది గానీ, డెక్ మీదికి రమ్మంటే 'మీరు వెళ్లండి, నేను గదిలో ఉంటా' అంటుంది. అంత దూరం వెళ్లి కిటికీలోంచి చూసి రావడమే అవుతుంది. కాబట్టి వెచ్చగా ఉంటే చాలదు. ఆమెకు నలుగురిలో ఇబ్బంది లేకుండా ఉండాలి.

చీర మీదే వెళ్లాలనుకుంటే దారి ఉంది. లంగా లోపల థర్మల్ లెగ్గింగ్స్, జాకెట్టు లోపల పొడవు చేతుల థర్మల్, దాని మీద జిప్ ఉన్న ఫ్లీస్, ఆపైన రెయిన్ జాకెట్. పమిట జాకెట్ లోపలికి పోవాలి. బయట వదిలితే గాలికి ఎగిరి ముఖాన పడుతుంది, రెయిలింగ్‌కు చిక్కుకుంటుంది. కుచ్చిళ్లు మాత్రం తడుస్తాయి. తడిసిన అంచు కాళ్లకు చుట్టుకుంటే ఓడ మెట్ల మీద జారే ప్రమాదం ఉంది. చీర కట్టుకున్నా రెండంగుళాలు పైకి కట్టుకోవడం మేలు.

అంతకన్నా సుఖమైనది సల్వార్ కమీజు. పొడవు కుర్తా మోకాళ్ల దాకా ఉంటుంది కాబట్టి బిడియం ఉండదు. కింద థర్మల్, పైన వదులుగా ఉండే పాలిస్టర్ ప్యాంటు. చున్నీ బదులు మెడ చుట్టూ ఉన్ని మఫ్లర్. బయల్దేరడానికి రెండు నెలల ముందు నుంచే పొద్దుటి నడకకు ఆ దుస్తుల్లో వెళ్లడం అలవాటు చేస్తే, ఓడెక్కేసరికి కొత్త పోతుంది.

మరి చీరలు? తప్పకుండా పెట్టుకోవచ్చు. సాయంత్రం భోజనశాల వెచ్చగా ఉంటుంది. కొన్ని ఓడల్లో ఒకటి రెండు రాత్రులు అందరూ బాగా తయారై రావాలని కోరతారు కూడా. సూట్లూ గౌన్ల మధ్య ధర్మవరం పట్టుచీర కట్టుకున్న అమ్మ ఎవరికి తీసిపోతుంది? రెండు చీరలు చాలు. పన్నెండు అక్కర్లేదు.

నాన్న బనియన్... మంకీ క్యాప్

నాన్నకు రెండు అలవాట్లు. ఒకటి నూలు బనియన్, రెండోది మంకీ క్యాప్. మొదటిది మానాలి. రెండోదాన్ని పిల్లలు చూసి నవ్వినా మానక్కర్లేదు! చెవులు, మెడ, గడ్డం అన్నిటినీ కప్పే టోపీ అంతకన్నా మంచిది ఇంకోటి లేదు. పైన జాకెట్ టోపీ లాగితే గాలి కూడా దూరదు.

'ఒంటి వేడిలో సగం తలలోంచే పోతుంది' అని చాలామంది అంటుంటారు. నిజం కాదు. మన చర్మం మొత్తంలో తల వాటా పదో వంతు మాత్రమే. వేడి కూడా ఇంచుమించు ఆ లెక్కనే పోతుంది. ఒళ్లంతా కప్పుకుని తల ఒక్కటే వదిలేసిన వాళ్ల మీద ఎప్పుడో అమెరికా సైన్యం చేసిన పరీక్షల నుంచి పుట్టిన మాట అది. కాబట్టి టోపీ పెట్టుకున్నాను కదా అని పల్చటి చొక్కాతో డెక్ ఎక్కొద్దు.

జీన్స్ ప్యాంటు కూడా నూలుదే. తడిస్తే బరువెక్కి రోజంతా ఆరదు. ఒడ్డుకు దిగే రోజుల్లో త్వరగా ఆరే ప్యాంటు, వాన ఉంటే దాని మీద వేసుకునే పల్చటి రెయిన్ ప్యాంటు ఉంటే చాలు.

కాళ్లు, చేతులు

చలి ముందుగా పట్టేది వేళ్లనే. ఒళ్లు చల్లబడుతుంటే గుండె, ఊపిరితిత్తుల దగ్గర వేడిని కాపాడుకోవడానికి శరీరం చేతులకూ కాళ్లకూ రక్తం పంపడం తగ్గిస్తుంది. చేతికి రెండు జతలుండాలి. లోపల ఫోన్ తెర మీద పనిచేసే పల్చటివి, పైన గాలి ఆపే మందపువి. ఫొటో తీయడానికి పైజత విప్పితే చాలు.

కాళ్లకు ఉన్ని సాక్సు. ఒకదాని మీద ఒకటి నాలుగు జతలు తొడిగితే బూటు బిగుసుకుపోయి రక్తం ఆడక మరింత చలి వేస్తుంది. మందపాటి జత ఒకటే వేసుకుని, బూట్లు అర సైజు పెద్దవి కొనుక్కోవాలి. సాయంత్రం పూట, ఆ సాక్సు వేసుకునే బూట్లు కొలత చూసుకోండి. పాదాలు అప్పటికి కొంచెం ఉబ్బి ఉంటాయి. అడుగున గాళ్లు లోతుగా ఉండాలి, తడిచెక్క మీద జారకుండా. కొత్త బూట్లతో నేరుగా ఓడెక్కొద్దు. కనీసం మూడు వారాలు కేబీఆర్ పార్కులోనో, కాలనీ రోడ్డు మీదో నడిచి వాటిని పాదాలకు అలవాటు చేయాలి.

ఆ ఒక్క రోజు కోసం

ఇంత లెక్క ఎందుకంటారా? అలాస్కా యాత్రకు ప్రాణమైన గ్లేసియర్ బే జాతీయ పార్కులోకి రోజుకు రెండు పెద్ద క్రూయిజ్ ఓడల్నే రానిస్తారు. అక్కడ దిగడానికి రేవు ఉండదు. చూసేదంతా ఓడ మీంచే. నీలిరంగు మంచుగోడ ముందు ఓడ నెమ్మదిగా తిరుగుతుంది. ఎప్పుడో ఓసారి ఉరిమినట్టు చప్పుడు. మంచు కొండచరియ ఒకటి నీళ్లలోకి కూలుతుంది. అది ఎప్పుడు జరుగుతుందో ఎవరూ చెప్పలేరు. ఐదు నిమిషాలకు కావచ్చు, గంటకు కావచ్చు. బయట నిలబడి ఎదురుచూసినవాళ్లకు ఆ దృశ్యం దక్కుతుంది. పది నిమిషాలకే చేతులు కొంకర్లుపోయి లోపలికి పరిగెత్తినవాళ్లకు చప్పుడు మాత్రం వినిపిస్తుంది.

లక్షలు పోసిన టికెట్, పదివేల కిలోమీటర్లు దాటిన ప్రయాణం... అన్నీ ఆ గంట మీద ఆధారపడతాయి. అమ్మానాన్నలు మళ్లీ ఇంకోసారి వెళ్తారో లేదో! అందుకే ఆ గంటసేపు వాళ్లు బయట నిలబడగలగాలి.

పెద్దవాళ్లకు మరికొంత జాగ్రత్త

వయసు పైబడేకొద్దీ ఒంటికి చలి తెలియడం తగ్గుతుంది. వణుకు కూడా తగ్గుతుంది. 'నాకేం చలి లేదు' అని నాన్న అన్నా చేతులు ముట్టుకుని చూడండి. చలికి రక్తనాళాలు ముడుచుకుని రక్తపోటు పెరుగుతుంది. గుండెజబ్బు, ఉబ్బసం ఉన్నవాళ్లు బయల్దేరే ముందు డాక్టరుకు చెప్పాలి. మధుమేహంతో పాదాలకు స్పర్శ తగ్గినవాళ్లు రోజూ రాత్రి సాక్సు విప్పి పుండ్లు, బొబ్బలు ఉన్నాయేమో చూసుకోవాలి. చల్లబడ్డ పాదాల్ని వేడినీళ్ల సంచికి ఆనించొద్దు. కాలినా తెలియదు. చలికి ఓ పెగ్గు వేస్తే మంచిదన్న మాట నమ్మొద్దు. మద్యం చర్మం కింది రక్తనాళాల్ని వెడల్పు చేసి, ఒంట్లో వేడిని బయటికి పంపేస్తుంది. వెచ్చగా అనిపించేది అందుకే.

మాట తడబడినా, నడక తూలినా, అయోమయంగా ఉన్నా వెంటనే లోపలికి తీసుకెళ్లి తడిబట్టలు మార్చి, దుప్పటి కప్పి ఓడలోని వైద్యుణ్ని పిలవాలి. ఒంటి వేడి 35 డిగ్రీల కన్నా పడిపోవడం ప్రమాదం.

ఎప్పుడు, ఎక్కడ కొనాలి?

మే నెలలో హైదరాబాద్‌లో స్వెట్టర్ల కోసం తిరిగితే దుకాణదారు వింతగా చూస్తాడు. ఉన్నిబట్టలు నిండుగా దొరికేది నవంబరు నుంచి జనవరి దాకా. చలికాలంలో టిబెటన్లు పెట్టే స్వెట్టర్ల దుకాణాలూ అప్పుడే. వేసవి ప్రయాణం అనుకుంటే అంతకుముందు చలికాలంలోనే కొనిపెట్టుకోండి. ట్రెక్కింగ్ సామాను అమ్మే డెకాథ్లాన్ లాంటి పెద్ద దుకాణాల్లో థర్మల్స్, ఫ్లీస్, రెయిన్ జాకెట్ లాంటివి వెతకొచ్చు.

అన్నీ కొనాలని కూడా లేదు. ఐటీ కారిడార్ అపార్టుమెంట్లలో ఆన్‌సైట్ వెళ్లొచ్చినవాళ్ల అటకల మీద ఎన్ని జాకెట్లు మూలుగుతున్నాయో! అపార్టుమెంటు వాట్సాప్ గ్రూపులో ఒక్క మాట అడిగి చూడండి. కాకపోతే షికాగో మంచుకు కొన్న మోకాళ్ల దాకా ఉండే కోటు అలాస్కా వేసవికి ఎక్కువవుతుంది, పెట్టెలో సగం తినేస్తుంది. సియాటిల్‌లో దిగాక కొందామనుకుంటే బూట్లు మాత్రం అప్పటిదాకా ఆపొద్దు.

బయల్దేరే ముందు ఇంట్లోనే చిన్న పరీక్ష. ఏసీ బాగా తగ్గించి, ఫ్యాన్ జోరుగా పెట్టి, అన్ని పొరలూ వేసుకుని అరగంట కూర్చోండి. ఆ తర్వాత ఓ చేతికి తడిపిన నూలు గుడ్డ, రెండో చేతికి తడిపిన పాలిస్టర్ గుడ్డ చుట్టుకుని ఫ్యాన్ ముందు పెట్టండి. ఏది ముందు ఆరుతుందో చూస్తే ఏ బట్ట పెట్టుకోవాలో అమ్మే చెబుతుంది.

పెట్టె సర్దే పట్టీ (ఒక్కరికి, ఏడు రాత్రులకు)

* థర్మల్ జతలు: 2 (ఒకటి ఒంటి మీద, ఒకటి ఆరుతూ)
* ఫ్లీస్ జాకెట్: 1, ఉన్ని స్వెట్టర్: 1
* టోపీ ఉన్న వాటర్‌ప్రూఫ్ జాకెట్: 1, పల్చటి రెయిన్ ప్యాంటు: 1
* త్వరగా ఆరే ప్యాంట్లు లేదా సల్వార్లు: 3
* ఉన్ని సాక్సు: 4 జతలు
* చేతి తొడుగులు: 2 జతలు (పల్చటివి, మందపువి)
* మంకీ క్యాప్ లేదా ఉన్ని టోపీ, మఫ్లర్
* జారని బూట్లు: 1 జత, గదిలోకి చెప్పులు
* సాయంత్రాలకు పట్టుచీరలు 2 లేదా కోటు 1
* నల్ల కళ్లద్దాలు, పెదాలకూ ముఖానికీ క్రీము (మంచు మీద పడ్డ ఎండ కళ్లలో కొడుతుంది)
* బట్టల కన్నా ముందు: సియాటిల్ ఓడలు దారిలో కెనడాలోని విక్టోరియా లాంటి రేవులో ఆగుతాయి. భారత పాస్‌పోర్టు ఉన్నవాళ్లకు కెనడా వీసా కావాలి. అమెరికాలోకి మళ్లీ అడుగుపెట్టేలా వీసా కూడా ఉండాలి. టికెట్ కొనకముందే ఓడ కంపెనీని అడగండి.

ఇంకా చలి ఓడలు

ధ్రువకాంతుల కోసం చలికాలంలో నార్వే తీరం వెంట వెళ్లే ఓడలున్నాయి. 1893 నుంచీ ఆ దారిలో ఓడలు నడుస్తున్నాయి. అక్కడ సున్నాకు అటూ ఇటూ ఉంటుంది. రాత్రిపూట కదలకుండా నిలబడి ఆకాశం చూడాలి కాబట్టి రెండో పొర మరొకటి అదనంగా కావాలి. అంటార్కిటికా యాత్రల్లో చాలా కంపెనీలు మందపాటి జాకెట్, బూట్లు తామే ఇస్తాయి. కొనేముందు అడిగితే డబ్బు మిగులుతుంది. ఒడ్డున దిగే ముందు జేబులు, జిప్‌లు శుభ్రం చేయిస్తారు. మన బట్టలకు అంటుకున్న గింజ ఒక్కటి కూడా ఆ నేల మీద పడకూడదని.

వచ్చాక ఏం చేయాలి?

అలాస్కా నుంచి తిరిగొచ్చాక ఆ బట్టల్ని అటకెక్కించాల్సిన పనిలేదు. ఉన్నివాటిని చల్లటి నీళ్లలో ఉతికి, పిండకుండా నీడన పరచి ఆరబెట్టండి. వాటర్‌ప్రూఫ్ జాకెట్‌ను ఇస్త్రీ చేయకుండా తగిలించండి. మూడున్నర వేల మీటర్ల ఎత్తున ఉన్న కేదార్‌నాథ్‌కు వెళ్లినా, డిసెంబరులో లంబసింగి మంచు చూడబోయినా అవే మూడు పొరలు పనికొస్తాయి. చార్‌ధామ్ ఎప్పటి నుంచో అమ్మ మొక్కే కదా. ఈసారి పెట్టె సర్దడానికి ఆమెకు ఎవరి సాయమూ అక్కర్లేదు.